వెబ్‌సైట్ పోటీ నేర్పే పాఠాలు

దివ్య ఖుర్‌ఆన్‌లో మొట్టమొదట అవతరించిన పదం ‘ఇఖ్రా’, అంటే చదువు. ఆ వెంటనే వచ్చే ఆయతుల్లో కలం ద్వారా నేర్పిన ప్రభువు ప్రస్తావన ఉంది. నేటి పిల్లల చేతికి కలంతో పాటు కీబోర్డు కూడా వచ్చింది. హైస్కూలు పిల్లలు వెబ్‌సైట్ తయారీ పోటీకి వెళ్తామంటే, “దీనివల్ల మార్కులు వస్తాయా?” అని అడుగుతాం. అది నేర్పేదేమిటో ముందు తెలుసుకుందాం.

ఇలాంటి పోటీల్లో పేరున్నది ‘థింక్‌క్వెస్ట్’. ఇది 1996లో అమెరికాలో మొదలైంది. 2002లో ఒరాకిల్ విద్యా ఫౌండేషన్ చేతికి వెళ్లి, 2013లో ముగిసింది. పిల్లలు జట్టుగా చేరి, ఉపాధ్యాయుని మార్గదర్శకత్వంలో, తోటి పిల్లలకు ఏదో ఒక పాఠం నేర్పే వెబ్‌సైట్ తయారుచేయాలి. వేర్వేరు దేశాల పిల్లలు కూడా ఒకే జట్టులో ఉండవచ్చు. ఇప్పుడు ఆ పోటీ లేకపోయినా, అది చూపిన దారి మిగిలే ఉంది.

మొదటి పాఠం: విషయ జ్ఞానం. ఇతరులకు చెప్పాలంటే ముందు మనకు అర్థం కావాలి. రంగులు, బొమ్మలు ఆ తర్వాతి సంగతి.

రెండవది: అమానతు. ఇతరులు తీసిన ఫొటోను, రాసిన మాటను అనుమతి లేకుండా వాడుకోకూడదు. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పాలి. పరుల సొమ్ము ముట్టకూడదని ఇంట్లో చెప్పే మాట ఇక్కడ ఆచరణలోకి వస్తుంది.

మూడవది: తోటివారి పట్ల శ్రద్ధ. చూపులేని వారికి కంప్యూటరు పేజీని చదివి వినిపిస్తుంది. ప్రతి బొమ్మకూ ఒక వాక్యం వివరణ రాస్తేనే అందులో ఏముందో వారికి తెలుస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఆ సంగతి పేజీకి సూచించకపోతే పేరా ఎడమ అంచుకు చేరుతుంది, మధ్యలో తెలుగు మాట వస్తే వరుస తప్పుతుంది. రెండు లిపులూ చదివే మన పిల్లలు ఈ ఇబ్బందిని ఇట్టే పసిగడతారు.

దీనికి ఖరీదైన సరంజామా అక్కరలేదు. హెచ్‌టీఎంఎల్ పేజీని నోట్‌ప్యాడ్‌లో రాయవచ్చు. ఇంటర్నెట్ లేకుండానే బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవచ్చు. పాత కంప్యూటరైనా చాలు. అసలు కొరత వేరే ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పాటు పనికి వెళ్తే ఆ పిల్లవాడు ఎక్కడ సాధన చేయాలి? చీకటి పడకముందే ఇల్లు చేరాల్సిన ఆడపిల్లకు ఏ వేళలో అవకాశం దొరుకుతుంది?

కాబట్టి దాతలు గమనించవలసింది ఇది. గెలిచినవారికి షీల్డు ఇవ్వడం మంచిదే. కానీ పోటీకి ముందు ఆరు నెలల పాటు ఒక గది, నాలుగు కంప్యూటర్లు, వాటి మరమ్మతు ఖర్చు, నేర్పే వ్యక్తికి గౌరవ వేతనం ఏర్పాటు చేస్తే ఓడినవారు కూడా విద్యతోనే ఇంటికి వెళ్తారు. ఆడపిల్లలకు బడి వదిలిన వెంటనే ఉండే గంటను కేటాయించాలి.

వెబ్‌ను రూపొందించిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దాని సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా వదిలేసింది. ఊరి కోసం బావి తవ్వించినట్టే అది ప్రపంచానికి ఉపయోగపడింది. మరణానంతరం కూడా పుణ్యం అందుతూ ఉండే కార్యాల్లో నిరంతర దానాన్ని, ప్రయోజనకరమైన జ్ఞానాన్ని దైవప్రవక్త (స) పేర్కొన్నారు. ఒక బిడ్డకు విద్య నేర్పించే దానంలో ఆ రెండూ కలిసి ఉన్నాయి. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.