గగనయానం – గోష్ఠీఫలం

పాఠ్యాంశ నేపథ్యం

మానవుడు విద్యను మూడు మార్గాలలో ఆర్జిస్తాడు. గురువు వల్ల నేర్చుకోవడం మొదటిది. స్వానుభవం వల్ల నేర్చుకోవడం రెండవది. తోటివారి అనుభవం వల్ల నేర్చుకోవడం మూడవది. విమానయాన వృత్తిలో రెండవ మార్గాన్ని మాత్రమే నమ్ముకోవడం సాధ్యం కాదు. అక్కడ ఒక్కరి పొరపాటు వందలాది ప్రాణాలను బలిగొంటుంది. కాబట్టి మూడవ మార్గమే ఆ వృత్తికి ఆధారం. ఆ మార్గాన్ని సుగమం చేసేవే వృత్తి సదస్సులు. సదస్సు ఎప్పుడు ఫలిస్తుందో, ఎప్పుడు తిరునాళ్ళుగా మిగిలిపోతుందో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

అర్ధరాత్రి దాటినా శంషాబాద్ నిద్రపోదు. హైదరాబాదు నగరానికి సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 5,500 ఎకరాల విస్తీర్ణంలో వెలసిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో ఆ వేళప్పుడు కూడా విమానాలు దిగుతూనే ఉంటాయి, ఎగురుతూనే ఉంటాయి. 4,260 మీటర్ల పొడవైన రన్‌వే మీద దిగిన విమానం తన స్థానానికి చేరగానే దాని చుట్టూ ఎందరో మూగుతారు. ఒకరు ఇంధనం నింపుతారు. ఒకరు సామాను దించుతారు. ఒకరు చక్రాలను, ఇంజన్లను పరీక్షిస్తారు. మరొకరు లోపలి భాగాన్ని శుభ్రం చేస్తారు. పైన టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ వారెవరి ముఖమూ చూడకుండానే ఆ విమానానికి మళ్ళీ ఆకాశమార్గం చూపుతాడు. వీరందరూ ఒకే సంస్థకు చెందినవారు కారు. ఒకే యజమాని కింద పనిచేసేవారూ కారు. అయినా ప్రయాణికుడి ప్రాణం వీరందరి చేతుల్లోనూ ఉంటుంది. ఇన్ని చేతులు ఒకే మనసుతో పనిచేయాలంటే ఆ చేతుల వెనుక ఉన్న మనుషులు ఎప్పుడో ఒకప్పుడు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి గదా!

హైదరాబాదుకు విమానయానంతో గల సంబంధం నిజాం పాలన నాటిది. బేగంపేట విమానాశ్రయం ఆ కాలంలోనే రూపుదిద్దుకొన్నది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ 1953లో విమానయాన సంస్థల జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. నగరం పెరిగింది, ప్రయాణికులు పెరిగారు, బేగంపేట ఇరుకైంది. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు ఆరంభమయ్యాయి. బేగంపేట నుంచి సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. అలా ఖాళీ అయిన రన్‌వేయే ఒక కొత్త ప్రయోజనానికి పనికివచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో అక్కడ 'ఇండియా ఏవియేషన్' పేరుతో విమానయాన ప్రదర్శన, సదస్సు జరిగాయి. రోజంతా ప్రయాణికుల విమానాలు తిరిగే చోట పెద్ద విమానాలను వరుసగా నిలిపి చూపడం కష్టం. రాకపోకలు లేని బేగంపేట అందుకు అనువైన స్థలమైంది. పౌర విమానయాన మంత్రిత్వ శాఖ, ఫిక్కీ వంటి సంస్థల ఆధ్వర్యంలో జరిగే ఈ కార్యక్రమం 2018 నుంచి 'వింగ్స్ ఇండియా' పేరుతో వ్యవహరింపబడుతున్నది.

ఇటువంటి కార్యక్రమానికి రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి ప్రదర్శన, రెండవది చర్చ. ప్రదర్శన కన్నులపండువగా ఉంటుంది. ఆకాశంలో విన్యాసాలు చేసే విమానాలను చూడటానికి జనం తండోపతండాలుగా తరలివస్తారు. అయితే 2010 మార్చి 3న, సదస్సు ప్రారంభమైన రోజుననే, ఒక విషాదం సంభవించింది. భారత నౌకాదళానికి చెందిన 'సాగర్ పవన్' విన్యాస బృందంలోని ఒక విమానం బోయిన్‌పల్లి ప్రాంతంలో ఒక భవనంపై కూలిపోయింది. అందులోని ఇద్దరు చోదకులు అసువులు బాశారు. ఆకాశంలో అందం ఎంత ఉన్నదో అపాయం కూడా అంతే ఉన్నదని ఆనాడు నగరం కళ్ళారా చూసింది. ఆ అపాయాన్ని తగ్గించే జ్ఞానం సదస్సుకు ఉన్న రెండవ ముఖంలో, అనగా చర్చలో, లభించవలసి ఉంటుంది.

అటువంటి చర్చకు ఎంతటి శక్తి ఉంటుందో చరిత్ర చెబుతున్నది. నేటి అంతర్జాతీయ విమానయానమే ఒక సమావేశం నుంచి పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, 1944లో, అమెరికాలోని షికాగో నగరంలో 54 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. డిసెంబరు 7న 52 దేశాలు ఒడంబడికపై సంతకాలు చేశాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆవిర్భావానికి ఆ ఒడంబడికే మూలం. అందుకే ఏటా డిసెంబరు 7ను అంతర్జాతీయ పౌర విమానయాన దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

రెండవ ఉదాహరణ మరింత హృదయవిదారకమైనది. 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరిఫ్ దీవిలో దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదనే ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. ఒక విమానపు కెప్టెన్ అనుమతి రాకముందే విమానాన్ని పరుగెత్తించాడు. ఎదుటి విమానం రన్‌వే నుంచి తొలగిందో లేదో అని అతని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. కాని ఆ సందేహానికి తగిన మన్నన దక్కలేదు. యంత్రంలో లోపం లేదు, మాటకు విలువ లేకపోవడమే లోపం. ఇటువంటి ప్రమాదాలను అధ్యయనం చేసిన అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానయాన సంస్థల ప్రతినిధులతో ఒక కార్యగోష్ఠిని నిర్వహించింది. కాక్‌పిట్‌లో కెప్టెన్ అధికారం, సహచరుల సలహా ఎలా కలిసి నడవాలో అక్కడ చర్చించారు. ఆ చర్చ నుంచి కొత్త శిక్షణా విధానం రూపొందింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దానిని తన చోదకులకు నేర్పడం ఆరంభించింది.

ఆ శిక్షణ ఫలం 1989 జూలై 19న కనబడింది. అదే సంస్థకు చెందిన ఒక విమానంలో తోక భాగంలోని ఇంజన్ పగిలి, విమానాన్ని అదుపు చేసే వ్యవస్థలన్నీ విఫలమయ్యాయి. కెప్టెన్ తన సహచరుల సలహాలను, ప్రయాణికుడిగా వచ్చిన మరొక చోదకుని సహాయాన్ని స్వీకరించి విమానాన్ని సూ సిటీ విమానాశ్రయం దాకా తీసుకురాగలిగాడు. నేలను తాకినప్పుడు విమానం ముక్కలైంది. అయినా అందులోని 296 మందిలో 184 మంది బతికారు. తమకు అందిన శిక్షణే ఇందుకు కారణమని ఆ కెప్టెన్ తరువాత అనేక సభలలో చెప్పాడు. పది సంవత్సరాల క్రితం ఒక గదిలో జరిగిన చర్చ 184 కుటుంబాలలో దీపం నిలిపింది.

మూడవ ఉదాహరణ మన దేశానికి సంబంధించినది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపంలో సౌదీ అరేబియా, కజకిస్తాన్ దేశాల విమానాలు గాలిలో ఢీకొని 349 మంది మృతి చెందారు. కంట్రోలర్ ఆంగ్లంలో ఇచ్చిన సూచనను కజకిస్తాన్ సిబ్బంది సరిగా గ్రహించకపోవడం గురించి దర్యాప్తులో ప్రస్తావన వచ్చింది. 1998లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మహాసభ భాషా సామర్థ్యం గురించి తీర్మానం చేసింది. తదనుగుణమైన నియమాల అమలుకు 2008 మార్చి 5వ తేదీని నిర్ణయించారు. శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకొన్నది కూడా ఆ నెలలోనే. భాషను కేవలం పరీక్షల కోసం చదివే విద్యార్థులు గమనించదగిన విషయమిది. ఒక మాట సరిగా అర్థం కావడం ప్రాణరక్షణ కాగలదు.

ఏ సమావేశం ఫలిస్తుంది? ఏది వృథా అవుతుంది? మన తర్కశాస్త్రం ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానం సూచించింది. న్యాయశాస్త్రకారులు చర్చను మూడు విధాలుగా విభజించారు. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివారిని ఖండించడానికి మాత్రమే చేసేది వితండ. నేటి సదస్సులకూ ఈ విభాగం వర్తిస్తుంది. ప్రతి వక్తా తన సంస్థ ఘనతను చాటుకొంటే అది జల్పం. ప్రభుత్వం మీద సంస్థలు, సంస్థల మీద ప్రభుత్వం నేరం మోపుకొంటే అది వితండ. తన లోపాన్ని తానే చెప్పి, ఎదుటివారి అనుభవాన్ని అడిగితే అది వాదం.

వాదం దానంతట అది జరగదు. దానికి తగిన ఏర్పాటు కావాలి. విమానయాన సంస్థలు, విమానాశ్రయాల సమన్వయకర్తలు సంవత్సరానికి రెండుసార్లు ఒకచోట కలిసి, ఏ విమానం ఏ వేళ ఎక్కడ దిగాలో తేల్చుకొంటారు. అక్కడ ఉపన్యాసాల కంటె ముఖాముఖి సంప్రదింపులే ప్రధానం. 1995లో ఆరంభమైన 'రూట్స్' సదస్సులో కూడా విమానాశ్రయాల వారూ, విమానయాన సంస్థల వారూ ముందుగా నిర్ణయించుకొన్న వేళకు ఎదురెదురుగా కూర్చొని కొత్త మార్గాల గురించి మాట్లాడుకొంటారు. ఎవరు ఎవరిని కలవాలి, ఏ విషయం తేలాలి అన్నది ముందే తెలియడం వల్ల కాలం వృథా కాదు. 2024 జనవరిలో జరిగిన వింగ్స్ ఇండియాలో కూడా వ్యాపార వర్గాలకు, వృత్తి నిపుణులకు కొన్ని రోజులు, సామాన్య ప్రజలకు కొన్ని రోజులు విడివిడిగా కేటాయించారు. ఆ సందర్భంగానే ఆకాశ ఎయిర్ సంస్థ 150 బోయింగ్ విమానాల కొనుగోలును ప్రకటించింది.

విమానాలు పెరిగితే వాటిని బాగుచేసే చేతులూ పెరగాలి. శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో 2025 నవంబరు 26న ఫ్రాన్సు దేశపు సాఫ్రాన్ సంస్థ వారి ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. ఇటువంటి కేంద్రంలో బోల్టు బిగించే యువకుడు, విమానాన్ని నడిపే చోదకుడు, టవర్‌లోని కంట్రోలర్ ఒకే వేదికపై మాట్లాడుకొనే అవకాశం ఉండాలి. సాధారణంగా సదస్సులకు ఉన్నతాధికారులే వెళ్తారు. లోపం మొదట కంటబడేది మాత్రం కింది ఉద్యోగికి. టెనెరిఫ్‌లో సందేహం కలిగినవాడు కెప్టెన్ కాదు, ఫ్లైట్ ఇంజనీరు. ఆ మాట వినే చెవి ఉన్న సభయే సభ. తక్కినవి ఎంత వైభవంగా జరిగినా తిరునాళ్ళే.

శంషాబాద్ మీదుగా ఎగిరే విమానంలో ప్రయాణికుడు నిశ్చింతగా కన్నుమూసి నిద్రిస్తాడు. ఆ నిద్రకు కాపలా కాసేది యంత్రం ఒక్కటే కాదు. ఎక్కడో, ఎప్పుడో, తమ పొరపాట్లను దాచుకోకుండా చెప్పుకొన్న మనుషుల మాట కూడా.

కఠిన పదాలు – అర్థాలు

గోష్ఠి = సభ, చర్చ
సుగమం = సులభంగా వెళ్ళదగినది
తండోపతండాలు = గుంపులు గుంపులు
అసువులు బాయు = ప్రాణాలు విడుచు
ఒడంబడిక = ఒప్పందం
మన్నన = గౌరవం, ఆదరణ
తదనుగుణం = దానికి తగినది

అభ్యాసం

అ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. సదస్సు ఫలించడానికి కావలసిన లక్షణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. టెనెరిఫ్ ప్రమాదం విమానయాన శిక్షణలో ఏ మార్పుకు దారితీసింది?

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. వాదం, జల్పం, వితండ – వీటి భేదాన్ని తెలపండి.
2. విమానయాన ప్రదర్శనకు బేగంపేట ఎందుకు అనువైనది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. షికాగో ఒడంబడికపై ఎన్ని దేశాలు సంతకాలు చేశాయి?
2. శంషాబాద్ విమానాశ్రయం నుంచి రాకపోకలు ఎప్పుడు ఆరంభమయ్యాయి?