పెద్దవారిని పనికి పిలుచుట



అంధవిద్యార్థులకొరకు పాఠ్యపుస్తకములు చదివించి ధ్వనిముద్రణ చేయు మీ సంస్థకు విశ్రాంతోద్యోగులను పిలువదలచితివనియు, పిలిచినపిదప వారిచేత పని చేయించుట ఎట్లో తోచకున్నదనియు నీవు వ్రాసిన జాబు చేరినది. నీ సంకల్పము నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

స్వచ్ఛందసేవకులు కావలెనని గోడకు అంటించిన కాగితమును చూచి వచ్చువారు అరుదు. ఉద్యోగము చాలించిన మనుష్యుడు తన్నెవరైన అడుగుదురాయని లోలోపల ఎదురుచూచుచుండును గాని, తానై వచ్చి పని యిమ్మనుటకు అభిమానము అడ్డుపడును. కావున పింఛనుదారుల సంఘమునకు నీవే పోయి, "మాస్టరుగారూ, తమరు ఏండ్ల తరబడి బోధించిన ఎనిమిదవ తరగతి సామాన్యశాస్త్రమును వారమునకు రెండు ఉదయములు మా పిల్లలకొరకు చదివిపెట్టుదురా? మూడు నెలలు చాలును" అని పనియు గడువును స్పష్టముగా చెప్పి అడుగవలెను. గడువున్నచో, పని సరిపడనపుడు ఇరువురును మనసు నొవ్వకుండ విడిపోవచ్చును.

పరీక్షలో అంధబాలునికి తామే వ్రాసిపెట్టెదమని ఉపాధ్యాయులు కొందరు ఉత్సాహముతో వత్తురు. అభ్యర్థి తానుగా తెచ్చుకొను లేఖకుని విద్యార్హత అభ్యర్థి అర్హతకంటె తక్కువగా నుండవలెనని 2018 నాటి కేంద్ర మార్గదర్శకములు విధించినవి. ఈ సంగతి మొదటనే తెలిపి, పఠనమునకు మరలింపుము.

వృద్ధులందరును ఒక్కతీరుగా నుందురని తలపకుము. ఆంధ్రప్రదేశమున 2022లో ప్రభుత్వోద్యోగుల విరమణవయస్సు 62 ఏండ్లయినది. నిన్న మొన్న విరమించిన అట్టివానికిని, ఎనుబదియవ పడిలోనున్నవానికిని మెట్లెక్కుటలో, కూర్చుండు ఓపికలో ఎంతో భేదము కలదు. అమ్మమ్మలు మనుమలను బడికి పంపినపిదపనే రాగలరు. పిల్లలు అమెరికాలో నున్నవారు కొన్ని నెలలు అక్కడకు పోవుదురు గనుక ప్రతి పుస్తకమునకు ఇద్దరిని నియమింపుము. జట్టుగా నుంచుట మరియొక విధమునను మేలు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున అరువదియేండ్లు దాటినవారిని ప్రాథమికపాఠశాలలకు పంపిన ఎక్స్‌పీరియన్స్ కోర్ అను కార్యక్రమము, వారానికి కనీసము 15 గంటల పని యప్పగించి, వారిని బడికొక బృందముగా నుంచినది. తోడున్నచోటికి మరల రావలెననిపించుట సహజమే గదా.

ఇక నీ అసలు భయము. పెద్దవారిని తప్పుపట్టరాదని పెరిగిన దానవు, వారు తప్పుగా చదివినచో ఏమనగలనని అడిగితివి. అమ్మా, శాలువ కప్పి ముందువరుసలో కుర్చీవేసి, పనిమాత్రము చిన్నవారిచేత చేయించు సంస్థలను నేను పెక్కింటిని చూచితిని. ఆ మర్యాదలో పెద్దవారు క్రమముగా వెలివేయబడుదురు. పుటను కన్నులతో సరిచూచుకొనలేని పిల్లవాడు చెవిని బడినదానినే నేర్చును. సమీకరణము తప్పుగా చదివినచో అతడు తప్పునే వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. కావున ఎవరు చదివినను మరియొకరు పుస్తకము ముందిడుకొని విని సరిచూతురని మొదటిదినముననే అందరికిని చెప్పుము. తప్పు దొరలినపుడు నలుగురియెదుట గాక ఏకాంతమున, "బాబాయిగారూ, ఈ పేరా పిల్లవానికి బోధపడలేదట, మరల చదువుదురా?" అని అడుగుము. నలుబదియేండ్లు బడిలో గడిపినవాడు పిల్లవానికొరకు అడిగినచో కాదనడు.

వారు చెప్పునది నీవును వినుము. గుండెనుగూర్చిన పాఠములో "పటమును చూడుము" అని యున్నచోట కుఱ్ఱవాడు ఆ మాటనే చదివి సాగిపోవును; అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు ఆగి, గుండెలో గదులెన్ని, రక్తము ఏ దారిని వచ్చి ఏ దారిని పోవునో వర్ణించి చెప్పును. అట్టివానిచేత క్రొత్తగా వచ్చిన యువకులకు శిక్షణ యిప్పింపుము.

గొంతు తడబడు కాలము కొందరికి వచ్చును. ఫోను చేయుట మానివేసి, వారంతట వారే గ్రహింపవలెనని ఊరకుండుట క్రూరము. నీవే వారింటికి పోయి, వారి కంఠమున ఎన్ని పుస్తకములు పిల్లలకు చేరినవో చెప్పి, ఇకపై ఇతరుల పఠనమును విని సరిచూచు పని చేపట్టుదురాయని అడుగుము, వలదన్నచో బలవంతపెట్టకుము.

ఎవరైన రెండు వారములు రాకున్నచో, రిజిస్టరులో గైర్హాజరని వ్రాయుటకుముందు ఇంటికి మనిషిని పంపుము. ఒంటరిగా నున్నవారి జ్వరము సంగతి కొన్నివేళల మీకే మొదట తెలియును.

ఇట్లు,
నీ మేనమామ