పండుగ దీపాల మధ్య రాత్రి సైకిల్ సవారీ: కంటికి ఏం జరుగుతుంది?

ఏటా మార్చి 3 వచ్చిందంటే జంషెడ్‌పూర్‌లోని జూబిలీ పార్కు రంగురంగుల దీపాలతో వెలిగిపోతుంది. 1839లో అదే రోజున నవసారిలో జన్మించిన జంషెడ్‌జీ టాటా జ్ఞాపకార్థం జరిపే వ్యవస్థాపక దినోత్సవం అది. సాక్చి అనే చిన్న గ్రామం ఉక్కు కర్మాగారంతో పెరిగి, 1919లో ఆయన పేరును ధరించింది. కర్మాగారం స్వర్ణోత్సవానికి గుర్తుగా, మైసూరు బృందావన్ గార్డెన్స్‌ను ఆదర్శంగా తీసుకుని రూపొందించిన ఈ పార్కు 1958లో ప్రారంభమైంది.

కదమా, సోనారి, బిష్టుపూర్ వంటి చోట్ల నుంచి నలుగురూ కలిసి సైకిళ్లపై ఈ దీపాలు చూడటానికి బయలుదేరారనుకుందాం. దారిలో చీకటి, పార్కు దగ్గర మిరుమిట్లు, తిరుగు ప్రయాణంలో మళ్లీ చీకటి. ఒకే సాయంత్రంలో కన్ను ఇన్ని మార్పులకు సర్దుకోవాలి. ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో తెలిస్తే దీపాలను మరింత ఆనందంగా చూడవచ్చు, క్షేమంగా ఇల్లు చేరవచ్చు.

కంటిలో రెండు వ్యవస్థలు

మన రెటీనాలో సుమారు 60 లక్షల శంకు కణాలు, 12 కోట్ల దండ కణాలు ఉంటాయి. శంకు కణాలు మంచి వెలుతురులో పనిచేసి రంగులను చూపిస్తాయి. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి. వాటికి రంగులు తెలియవు.

దండ కణాల్లో రోడాప్సిన్ అనే వర్ణకం ఉంటుంది. ప్రకాశవంతమైన కాంతి పడినప్పుడు అది విచ్ఛిన్నమవుతుంది. చీకటిలోకి వచ్చాక మళ్లీ నెమ్మదిగా తయారవుతుంది. శంకు కణాలు దాదాపు 10 నిమిషాల్లో తేరుకుంటాయి. దండ కణాలు పూర్తి సామర్థ్యాన్ని పొందడానికి అరగంట వరకు పడుతుంది. అందుకే దీపాల వెలుగులోంచి చీకటి వీధిలోకి తిరిగిన తొలి నిమిషాలే అత్యంత ప్రమాదకరమైనవి. గుంత, వీధికుక్క, దీపం లేని బండి అన్నీ ఉన్నా కంటికి ఆనవు.

దండ కణాలు నీలి ఆకుపచ్చ కాంతికి, అంటే 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఎక్కువగా స్పందిస్తాయి. ఎరుపుకు దాదాపుగా స్పందించవు. కనుక నీలం, తెలుపు దీపాలను తదేకంగా చూస్తే చీకటి చూపు ఎక్కువగా దెబ్బతింటుంది. మసక చీకటిలో ఎర్రని పువ్వు నల్లగా, దాని ఆకులు కాస్త కాంతివంతంగా కనిపించడానికి కారణం కూడా ఇదే. దీన్ని పుర్కింజే ప్రభావం అంటారు.

వెనక్కి తిరిగే చక్రం

మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేస్తుంది. చవకైన ఎల్‌ఈడీ తోరణాల్లో చాలావాటి వెలుగు దీనివల్ల సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. నిలబడి చూస్తే ఆ మినుకు తెలియదు. చూపును వేగంగా పక్కకు తిప్పితే మాత్రం ఒకే దీపం చుక్కల వరుసలా కనిపిస్తుంది.

అలాంటి వెలుగులో పక్క సైకిలు చక్రాన్ని గమనించండి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, ఊచలు 36 అనుకుందాం. వేగం గంటకు 15 కిలోమీటర్లయితే సెకనుకు 4.2 మీటర్లు, అంటే చక్రం 2 సార్లు తిరుగుతుంది. ఒక్కో మెరుపుకు ఊచ తన తర్వాతి ఊచ స్థానానికి 72 శాతం దూరం మాత్రమే వెళ్తుంది. మెదడు దాన్ని 28 శాతం వెనక్కి జరిగినట్లుగా అర్థం చేసుకుంటుంది. చక్రం వెనక్కి తిరుగుతున్న భ్రమ కలుగుతుంది. వేగం గంటకు సుమారు 21 కిలోమీటర్లకు చేరితే ఊచలు కదలకుండా ఆగినట్లే అనిపిస్తాయి.

మనం కనిపించాలి కూడా

చూడటం ఎంత ముఖ్యమో, ఇతరులకు కనిపించడమూ అంతే ముఖ్యం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను తీసుకుంటే, ఆలోపే కారు 21 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. సైకిలు వెనుక ఉండే ఎర్ర రిఫ్లెక్టరు ఇక్కడే ఆదుకుంటుంది. అందులోని చిన్న మూలలు పరస్పరం లంబంగా ఉండే మూడు తలాలతో ఏర్పడతాయి. కాంతి ఏ దిశ నుంచి వచ్చినా మూడు పరావర్తనాల తర్వాత వచ్చిన దిశకే తిరిగి వెళ్తుంది. అందువల్ల డ్రైవరు కంటికి అది దీపంలా వెలుగుతుంది.

పెడళ్లకు, చీలమండలకు ఉన్న రిఫ్లెక్టర్లు మరింత మేలు చేస్తాయి. కొన్ని చుక్కల కదలిక చూసి అది మనిషేనని మెదడు వెంటనే గుర్తిస్తుందని స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యొహాన్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు.

బృందంగా వెళ్లేటప్పుడు

• ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం తప్పనిసరి. ముందు దీపాన్ని నేలవైపు వంచితే ఎదుటివారి కళ్లకు మిరుమిట్లు ఉండవు.
• ఒకరి వెనుక ఒకరు వెళ్లండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి దాదాపు 9 మీటర్లు కావాలి.
• దీపాలు చూడాలంటే సైకిలు ఆపి చూడండి. జనం ఉన్నచోట దిగి నడిపించండి.
• తిరుగు ప్రయాణానికి ముందు 10 నిమిషాలు మసక వెలుతురులో నిలబడండి. ఫోన్ తెర చూడవద్దు.

మీరూ చేసి చూడండి

దీపాల దగ్గర నిలబడి ఒక కంటిని 10 నిమిషాలు అరచేత్తో మూసి ఉంచండి. తర్వాత చీకటి చోటుకు నడిచి, ఒక్కో కంటితో మార్చి మార్చి చూడండి. మూసిన కన్ను చూపించే చెట్టు కొమ్మలను తెరిచి ఉంచిన కన్ను చూపించలేదు. చీకటి రోడ్డు మీదకు వచ్చే ముందు ఆ కొద్ది నిమిషాలు ఎందుకు ఆగాలో ఈ తేడాయే చెబుతుంది.