ఐఫ్రేమ్: పేజీలో మరో పేజీ

మన్సూరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ తన వెబ్‌సైట్‌లో గూగుల్ మ్యాప్ పెట్టిందనుకోండి. ఆ మ్యాప్ సెంటర్ సర్వర్‌లో ఉండదు, నేరుగా గూగుల్ సర్వర్ల నుంచే వస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో 'షేర్' నొక్కి 'ఎంబెడ్ ఎ మ్యాప్' ఎంచుకుంటే వచ్చే కోడ్ ఐఫ్రేమ్ ట్యాగే. ఐఫ్రేమ్ పూర్తి పేరు ఇన్‌లైన్ ఫ్రేమ్. చూపాల్సిన పేజీ చిరునామాను ఎస్‌ఆర్‌సీ అనే లక్షణంలో ఇస్తారు.

1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రమాణంలో ఐఫ్రేమ్ చేరింది. 2014 నాటి హెచ్‌టీఎంఎల్5 ఫ్రేమ్, ఫ్రేమ్‌సెట్ ట్యాగులను తొలగించినా ఐఫ్రేమ్‌ను మాత్రం కొనసాగించింది. పరీక్షలో అడగదగ్గ తేడా ఇది.

అంతకన్నా శ్రద్ధగా చదవాల్సింది భద్రత. మోసగాడు బ్యాంకు పేజీని కంటికి కనబడని ఐఫ్రేమ్‌గా మార్చి, 'బహుమతి గెలుచుకోండి' లాంటి బటన్ మీద పరుస్తాడు. మనం బహుమతి అనుకుని నొక్కితే ఆ నొక్కు బ్యాంకు పేజీకి చేరుతుంది. ఇదే క్లిక్‌జాకింగ్. ఈ పేరు 2008లో వచ్చింది. తన పేజీని ఇతరులు ఇలా పొదగకుండా బ్యాంకు ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్‌తోనో, కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (సీఎస్పీ)లోని ఫ్రేమ్-యాన్సెస్టర్స్ నిబంధనతోనో అడ్డుకోవచ్చు. శాండ్‌బాక్స్ అనే లక్షణం అలా కాదు. బయటి పేజీని తెచ్చుకున్నవారు దాని స్క్రిప్టులను, ఫారాలను కట్టడి చేయడానికి ఐఫ్రేమ్ ట్యాగులోనే రాసుకుంటారు. ఎవరి రక్షణ ఎవరి చేతిలో ఉందో గుర్తుంటే పరీక్షలో దీనిపై ప్రశ్న వస్తే తికమక పడరు.