దుర్యోధనుడికి తక్కువైంది ఏంటి? సంతోషం, పోలిక: ఒక చిన్న పాఠం



ఈ వారం వీడియోలో మయసభ ఘట్టం చెప్పుకున్నాం కదా. టైం సరిపోక కొన్ని విషయాలు వదిలేయాల్సి వచ్చింది. ఆలోచిస్తే, మన వయసు వాళ్లకి ఎక్కువ పనికొచ్చేవి ఆ వదిలేసినవే. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తున్నాను.

ముందు మన సంగతి చూద్దాం. అప్రైజల్ లెటర్ వస్తుంది, 12 శాతం హైక్. అమ్మకి ఫోన్ చేసి చెప్తాం, సాయంత్రం బిర్యానీ ఆర్డర్ పెడతాం. రాత్రి పదింటికి, పక్క టీమ్ వాడికి 20 వచ్చిందని తెలుస్తుంది. మన జీతంలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. అయినా పొద్దున్నుంచి ఉన్న ఆనందం పోయింది. అది ఎటు పోయిందో తెలుసుకోవాలంటే సభాపర్వం చదవాలి.

సినిమాలో కనపడనిది

మయసభ అనగానే మనకి 1977లో వచ్చిన దాన వీర శూర కర్ణలో ఎన్టీఆర్ గారే గుర్తొస్తారు. నీళ్లని చూసి నేల అనుకోవడం, పడటం, పక్కన నవ్వులు. ఆ నవ్వు వల్లే ఇంత కథ జరిగింది అనుకుంటాం. వ్యాస భారతంలో కూడా ఆ నవ్వు ఉంది. కానీ హస్తినకి తిరిగొచ్చాక దుర్యోధనుడు తండ్రి దగ్గర చెప్పుకున్నదాంట్లో ఎక్కువ భాగం అవమానం గురించి ఉండదు. అదంతా ఒక పెద్ద లిస్టు. ఏ దేశం రాజు ఏం తెచ్చాడు, ఎన్ని గుర్రాలు, ఎన్ని ఏనుగులు, ఎంత బంగారం, ఎలాంటి కంబళ్లు.

ఇంత వివరంగా ఎలా తెలుసు? రాజసూయంలో కానుకలు అందుకునే బాధ్యత ఆయనదే. ధర్మరాజు ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించి, నమ్మకంగా ఆ పని దుర్యోధనుడికి ఇచ్చాడు. వచ్చిన వాటిని తీసుకుని తీసుకుని చేతులు అలసిపోయాయని, తను అలసిపోతే కానుకలు తెచ్చినవాళ్లు నిలబడి వేచి ఉన్నారని తనే చెప్తాడు. అంటే అవతలివాడి సంపదని రోజంతా ఒక్కో వస్తువు చొప్పున చూస్తూ కూర్చున్నాడన్నమాట. మనం రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చేసేది కూడా దాదాపు ఇదే. వాడి కొత్త కారు, వీళ్ల గృహప్రవేశం, ఇంకొకరి స్విట్జర్లాండ్ ట్రిప్, లింక్డిన్‌లో మన బ్యాచ్‌మేట్ ప్రమోషన్. ఒక్కోటీ చేత్తో అందుకున్నట్టే.

ఇంకో సంగతి. ఆ సభని చూశాడు గానీ, దాని వెనక జరిగింది ఆయన లెక్కలో లేదు. రాజ్యం పంచినప్పుడు పాండవులకి వచ్చింది ఖాండవప్రస్థం, అడవి ప్రాంతం. అక్కడే వాళ్లు ఇంద్రప్రస్థం కట్టుకున్నారు. ఖాండవ దహనంలో అర్జునుడు మయుడి ప్రాణం కాపాడాడు, ఆ కృతజ్ఞతతో మయుడు 14 నెలలు పట్టి సభ కట్టాడు. మన భాషలో చెప్పాలంటే, దుర్యోధనుడు ఫైనల్ డెమో చూశాడు, కమిట్ హిస్టరీ చూడలేదు. ఆఫీసులో రెండు సర్వర్ల స్పీడ్ పోల్చాలంటే హార్డ్‌వేర్ ఒకటేనా, లోడ్ ఒకటేనా అని ముందు చూస్తాం. మనుషుల్ని పోల్చేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త అసలు ఉండదు. ఇంటి బాధ్యతలు, ఆరోగ్యం, ఎక్కడ మొదలుపెట్టారు, ఇవేవీ చూడకుండా చివరి నంబర్ ఒక్కటే పక్కపక్కన పెట్టేస్తాం.

శకుని చెప్పిన మంచి మాట

తిరుగు ప్రయాణంలో దుర్యోధనుడు మేనమామ దగ్గర బయటపడతాడు. నిప్పుల్లో దూకుతాను, విషం తాగుతాను, నీళ్లలో మునుగుతాను, ఇంక బతకలేను అంటాడు. ఆశ్చర్యం ఏంటంటే, అప్పుడు శకుని ముందు చెప్పింది మంచి మాటే. పాండవులు తమ వంతు తాము అనుభవిస్తున్నారు, అసూయ పడొద్దు, నువ్వు ఒంటరివి కావు, నీకు తమ్ముళ్లున్నారు, ద్రోణుడు, అశ్వత్థామ, కృపుడు, కర్ణుడు ఉన్నారు అని. అంటే నీకున్నది చూసుకో అని. కానీ దుర్యోధనుడికి అందులో వినపడింది ఒక్కటే: వీళ్లని తీసుకెళ్లి పాండవుల్ని గెలవచ్చు. యుద్ధంలో వాళ్లని గెలవడం కుదరదని చెప్పాకే శకుని నోట జూదం మాట వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పోలిక ముదిరితే మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో భారతం దాచలేదు. అన్నీ ఉన్న యువరాజు కూడా చచ్చిపోతాను అన్నాడు. మీలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే, శ్లోకాలు చదివితే సరిపోతుందిలే అనుకోకండి. ఇంట్లోవాళ్లతోనో, దగ్గరి ఫ్రెండ్‌తోనో మాట్లాడండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

తండ్రి ఇచ్చిన అవకాశం, కొడుకు చెప్పిన జవాబు

ధృతరాష్ట్రుడు కొడుకుని అడుగుతాడు. మంచి బట్టలు కడుతున్నావు, మంచి భోజనం చేస్తున్నావు, మేలుజాతి గుర్రాలెక్కుతున్నావు, మరి ఎందుకిలా పాలిపోయి చిక్కిపోతున్నావు అని. తర్వాత ఇంకో మాట కూడా అంటాడు. నీకూ అలాంటి వైభవం కావాలంటే నువ్వూ పెద్ద యాగం చెయ్యి, రాజులు నీకూ కానుకలు తెస్తారు. తనకున్నదానితో తృప్తిగా, తన ధర్మంలో తను నిలబడేవాడే సుఖపడతాడు. పరుల సొమ్ము మీద ఆశ వద్దు.

గమనించండి, ఆశ చంపుకో అని తండ్రి అనలేదు. నువ్వూ చెయ్యి అన్నాడు, దారి చూపించాడు. దుర్యోధనుడు దాన్ని తీసుకోలేదు. అసంతృప్తే సంపదకి మూలం అన్నాడు. సంతోషం సిరిని చంపేస్తుందని అంతకుముందే ఒకసారి అన్నాడు.

ఈ మాట మనకి కొత్తగా అనిపించదు. మోటివేషన్ వీడియోల్లో రోజూ వినేదే. నిజాయితీగా చెప్పాలంటే అందులో కొంత నిజం ఉంది కూడా. ఉన్నచోటే చాలు అనుకుంటే కొత్త స్కిల్ నేర్చుకోం, రెండో అటెంప్ట్ రాయం. అయితే దుర్యోధనుడు తన అసంతృప్తితో ఏం చేశాడు? ఊరు కట్టలేదు, యాగం మొదలుపెట్టలేదు. పాచికలు వేయించాడు. ఆయనకి కావాల్సింది తనకో సభ కాదు, వాళ్లకి ఆ సభ ఉండకపోవడం.

అందుకే ఆశకీ, అసూయకీ తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ‘నాకూ కావాలి’ అనిపిస్తోందా, ‘వాడికి ఉండకూడదు’ అనిపిస్తోందా? మొదటిదైతే పని మొదలుపెట్టండి. రెండోదైతే, ఎంత సంపాదించినా ఆ మంట తగ్గదు, ఎందుకంటే దానికి కారణం మన జేబులో లేదు.

అడవిలో ఇంకో జవాబు

ఇప్పుడు అరణ్యపర్వం చివరికి వద్దాం. పన్నెండేళ్ల వనవాసం అయిపోవస్తోంది. ధర్మరాజు కూడా తప్పు చేయనివాడేం కాదు, జూదంలో అన్నీ పోగొట్టుకున్నాడు. రాజ్యం లేదు, సభ లేదు. ఇప్పుడు నలుగురు తమ్ముళ్లూ మడుగు ఒడ్డున ప్రాణం లేకుండా పడి ఉన్నారు. ఆ పరిస్థితిలో యక్షుడు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: సుఖాల్లో ఏది గొప్పది? ధర్మరాజు జవాబు: తృప్తి.

అన్నీ ఉన్నవాడు సంతోషం పనికిరాదన్నాడు. అన్నీ పోయినవాడు అదే గొప్పదన్నాడు. మాట వరసకి అన్నాడేమో అనుకోవడానికి లేదు, ఎందుకంటే వెంటనే పరీక్ష వచ్చింది. ఒక్క తమ్ముణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలి అన్నాడు యక్షుడు. రాజ్యం తిరిగి తెచ్చుకోవాలంటే భీముడో అర్జునుడో కావాలి. ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి కదా అన్నాడు. లోపల తృప్తి ఉన్నవాడికి లెక్క ఇలా వస్తుంది. నాకెంత మిగులుతుంది అని కాదు, పక్కవాళ్లకి కూడా ఉందా అని. చివరికి నలుగురూ బతికారు.

తృప్తి అంటే చేతులు ముడుచుకోవడమా? అదీ కాదు. అదే ధర్మరాజు తర్వాత అయిదూళ్లు చాలన్నాడు. అవీ ఇవ్వకపోతే యుద్ధానికి నిలబడ్డాడు. పతంజలి యోగసూత్రాల్లో నియమాలు అయిదు: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. సంతోషం పక్కనే తపస్సు, అంటే కష్టపడటం. రెండూ ఒకరికే చెప్పారు. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు, దొరికినదానితో తృప్తి పడేవాణ్ణి వర్ణిస్తూ, అదే శ్లోకంలో మాత్సర్యం లేనివాడు అని కూడా అంటాడు. ఈ రెండూ జంటగానే ఉంటాయి.

ఈ వారం రోజులు చేసి చూడండి

ఒకటి. ఎవరిదైనా శుభవార్త వినగానే గుండెలో కలుక్కుమంటే, పైన చెప్పిన ప్రశ్న వేసుకోండి. జవాబు మీకు మాత్రమే తెలిస్తే చాలు.

రెండు. వాళ్లకి ఫోన్ చేసి అభినందించండి. ఎమోజీ పెట్టి వదిలేయకుండా, ఎలా సాధించారో అడిగి వినండి. ఇతరుల మంచి చూసి ఆనందించడాన్ని పతంజలి ముదిత అన్నాడు, మనసు తేటపడటానికి చెప్పిన సాధనల్లో అదొకటి. మొదట్లో నటనలా అనిపించొచ్చు, ఫర్వాలేదు. వాళ్ల కష్టం వింటుంటే మంట దానంతటదే కొంత తగ్గుతుంది.

మూడు. పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి, దీపం దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. ఈరోజు మీకు అందినవి మూడు చెప్పుకోండి, రేపు చేయబోయే పని ఒకటి చెప్పుకోండి. మొదటిది సంతోషం, రెండోది తపస్సు.

పక్కవాడి 20 శాతం రేపు కూడా అలాగే ఉంటుంది. మన 12తో అమ్మ నవ్వింది కదా, అదీ నిజమే. దాన్ని పోనివ్వకండి.

వచ్చే వారం యక్ష ప్రశ్నల్లో మిగిలినవి చూద్దాం. అందరికీ మంచి జరగాలి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.