పల్నాటి పగలు: మన పిల్లలకు ఒక పాఠం

కార్తీక మాసంలో మనం ఇక్కడ గుడిలో దీపాలు పెట్టుకుంటాం. అదే నెల అమావాస్య నుంచి పల్నాడు జిల్లా కారంపూడిలో ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధంలో ప్రాణాలిచ్చినవారిని తలచుకునే పండుగ అది.

అనుగురాజు కొడుకులు నలగాముడు, మలిదేవుడు సవతి సోదరులు. గురజాల ఒకరిది, మాచర్ల ఇంకొకరిది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. పంతాలు ముదిరి కోడిపోరు దాకా వచ్చాయి. ఓడిన మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక తమ రాజ్యం అడగడానికి అలరాజును రాయబారం పంపారు. ఆయన నలగామునికి అల్లుడు, అంటే ఇరువైపులా కావలసినవాడు. ఆయనకు విషం పెట్టించారని కథ చెబుతుంది. ఇక మధ్యలో నిలబడి మాట్లాడే మనిషి లేకపోయాడు.

తరువాత వంతు పిల్లలది. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలింది. అందరూ యుద్ధానికి పోతే నీకు ఆటలా అని ఆమె దెప్పింది. ఆ మాటతో వెళ్లిన కుర్రవాడు మళ్లీ ఇల్లు చేరలేదు.

లోపల చీము ఉండగా పైన కుట్లు వేస్తే గాయం మానదని వైద్యులుగా మాకు తెలుసు. ముందు శుభ్రం చేయాలి. పగ కూడా అంతే. మాట్లాడుకోకుండా పైకి నవ్వితే, అది పిల్లల తరంలో మళ్లీ పైకి వస్తుంది.

మన సంగతి చూద్దాం. మా ఊళ్లో ఒకే ఉగాదికి రెండు హాళ్లు అద్దెకు తీసుకున్న ఏళ్లున్నాయి. "మా ఫ్రెండ్ ఆ హాల్లో ఎందుకున్నాడు?" అని మా అబ్బాయి అడిగితే మేము సరైన జవాబు చెప్పలేకపోయాం.

కులాలన్నిటినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టినవాడు బ్రహ్మనాయుడు. దాన్నే చాపకూడు అన్నారు. అంతటివాడూ యుద్ధాన్ని ఆపలేకపోయాడు. అందుకే పగను చిన్నగా ఉన్నప్పుడే తుంచాలి. ఈసారి కార్తీక వనభోజనాల్లో, మాటలు మానేసిన కుటుంబం పక్కనే మన చాప పరుద్దాం.

పిల్లలతో చర్చించండి:
1. యుద్ధాన్ని ఆపగలిగే అవకాశం ఎక్కడెక్కడ వచ్చింది?
2. అలరాజు బతికి ఉంటే ఏమయ్యేది?
3. బాలచంద్రునితో ఆ స్త్రీ ఏమని ఉంటే బాగుండేది?