చిన్న భాషకు క్రొత్త మాటలు

జీవముగల ప్రతి భాషయు ఇతర భాషలనుండి మాటలను గ్రహించుచుండును. తెలుగు పదములను మన వైయాకరణులు తత్సమములు, తద్భవములు, దేశ్యములు, అన్యదేశ్యములు అని విభజించిరి. ‘రైలు’ అన్యదేశ్యము. అయినను దానికి మన విభక్తిని చేర్చి ‘రైలులో’ అనుచున్నాము. మన బహువచనమును చేర్చి ‘రైళ్లు’ అనుచున్నాము. మాట పరాయిది, వ్యాకరణము మనది. కంప్యూటరునకు పనులు చెప్పుటకై కల్పింపబడిన భాషలును ఈ విధముగనే పెరుగును. అందొక దానిని పరిశీలింతము.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యులు, విజ్ఞానశాస్త్రములు చదువని విద్యార్థులు సైతము ప్రోగ్రాములు వ్రాయగలుగుటకై 1964లో ‘బేసిక్’ అను భాషను రూపొందించిరి. దాని అడుగుజాడలలో మైక్రోసాఫ్టు సంస్థకు చెందిన విజయే రాజి కల్పించిన ‘స్మాల్ బేసిక్’ 2008లో వెలువడెను. ఇది పేరునకు తగినట్లు చిన్న భాష. ఇందలి ముఖ్యపదములు 14 మాత్రమే. క్రొత్తగా నేర్చువాడు కొద్దిదినములలోనే వీని నన్నిటిని స్వాధీనపరచుకొనగలడు.

ఈ పదములకు తోడుగా కొన్ని సిద్ధసాధనములు గూడ కలవు. ‘టర్టిల్’ అను తాబేలు తెరపై నడచుచు గీతలు గీయును. ‘సౌండ్’ అను సాధనము పాటలు వినిపించును. అందు ‘ప్లే’ అన్నచో పాట మొదలగును. ప్రోగ్రాము ఆగక తరువాతి పంక్తికి సాగిపోవును. ‘ప్లే అండ్ వెయిట్’ అన్నచో పాట ముగియువరకు ప్రోగ్రాము వేచియుండును. కాని వీడియో చూపుటకు ఈ భాషలో మాట లేదు.

అట్లయిన భాషనే పెంచరాదా? కోరినవారి కోరికలన్నియు చేర్చుచు పోయినచో, చిన్న భాష పెద్ద అడవి యగును. క్రొత్తవాడు అందు దారి తప్పును. అందుచేత దీని నిర్మాతలు భాషను చిన్నదిగనే యుంచి, ఒక ద్వారమును తెరచియుంచిరి. స్మాల్ బేసిక్ ఉన్న చోట ‘లిబ్’ అను ఫోల్డరులో తగిన ఫైలు నుంచినచో, అందలి క్రొత్త మాటలు భాషలో చేరును. ఇట్టి ఫైలునే ప్లగిన్ అందురు. అనుబంధమని దాని భావము.

ప్లగిన్‌ను స్మాల్ బేసిక్‌లో వ్రాయరు. సి షార్ప్ వంటి పెద్ద భాషలో వ్రాయుదురు. వీడియో ఫైలును విప్పి బొమ్మలుగా మార్చు శక్తి విండోస్‌లో ముందే కలదు. ఆ శక్తిని చిన్న భాషకు అందించుటయే రచయిత పని. అతడు తాను కల్పించిన ‘తెరువు’, ‘ఆడించు’, ‘ఆపు’ వంటి ఆజ్ఞల సముదాయముపై ఇది స్మాల్ బేసిక్‌కు చెందినదను గుర్తు నుంచవలయును. ఏ ఆజ్ఞయైనను విలువలను పుచ్చుకొన్నచో అవి ‘ప్రిమిటివ్’ అను ఒకే విధమైనవై యుండవలయును; విలువను తిరిగి ఇచ్చినచో అదియు ఆ విధమైనదే కావలయును. అన్యదేశ్యమునకు మన విభక్తి ఎట్టిదో, ప్లగిన్‌కు ఈ నియమ మట్టిది. ఆజ్ఞల వివరణమును అదే పేరుగల మరియొక ఫైలులో వ్రాసి జతపరచినచో, విద్యార్థి ఆ మాటను టైపు చేయునపుడు దాని అర్థము ప్రక్కనే కనబడును.

ఇంతవరకు పని సులభము. చిక్కులు మూడు కలవు.

మొదటిది: విద్యార్థి ప్రోగ్రాము ఒక వరుసలో నడచును; తెరపైని కిటికీ మరియొక వరుసలో నడచును. కిటికీలోని వస్తువులను దాని వరుసయే తాకవలయునని నియమము. పెండ్లివంటలో ఏమి కావలయునో వంటవారికి చెప్పి పంపవలయునే కాని, పైవారు పోయి గరిటె పట్టరాదు గదా! ప్లగిన్ కూడ వీడియోను తానే తెరపై పెట్టక, కిటికీ వరుసకు కబురంపవలయును.

రెండవది: వీడియో ఎప్పుడు ముగిసినదో ప్రోగ్రామునకు తెలియవలయును. మాటిమాటికి ‘అయినదా?’ అని అడుగుట వృథాశ్రమ. అందుచేత విద్యార్థి ఒక ఉపప్రోగ్రాము పేరు ముందుగా చెప్పి యుంచును. వీడియో ముగిసిన క్షణముననే ప్లగిన్ దానిని పిలుచును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఫైలు పేరులో ఒక అక్షరము తప్పినను, ఆ వీడియోను విప్పు సాధనము కంప్యూటరులో లేకున్నను, తెరపై ఏమియు కనబడదు. అనుభవజ్ఞుడు కారణమును వెదకును. క్రొత్తవాడు మాత్రము ‘ఈ విద్య నాకు రాదు’ అని తలచి విడిచిపెట్టవచ్చును. ఒక్క మౌనమువలన ఒక విద్యార్థి ఉత్సాహము చల్లారిపోవును. కావున ప్లగిన్ మౌనము వహింపరాదు. ప్రోగ్రామును కూల్చివేయను రాదు. ‘ఫైలు దొరకలేదు’ అని సరళమగు మాటలలో తెలుపవలయును.

ప్లగిన్‌ను వాడువారికిని జాగ్రత్త అవసరము. కంప్యూటరులో మనము చేయగల పనులన్నియు, ఫైళ్లను చెరపివేయుటతో సహా, అదియు చేయగలదు. ఎవరు వ్రాసిరో తెలియని దానిని చేర్చుకొనరాదు. మన ప్రోగ్రామును మిత్రునకు ఇచ్చినపుడు ప్లగిన్ ఫైలును కూడ ఈయవలయును. లేనిచో అతని యింట ఆ మాటకు అర్థముండదు.

విద్యార్థి ‘ఆడించు’ అను ఒక్క మాట వ్రాయును, వీడియో ఆడును. ఆ మాట వెనుక నున్న చిక్కుల నన్నిటిని మరియొకరు ముందుగనే భరించిరి. ఒకరి సౌలభ్యము మరియొకరి శ్రమఫలము. భాష మాత్రము 14 పదములతో చిన్నదిగనే నిలిచి, తరువాత వచ్చు క్రొత్తవానికి స్వాగతము పలుకుచుండును.

ప్రశ్నలు

1. అన్యదేశ్య పదమునకును ప్లగిన్‌కును గల పోలికను వివరింపుము.
2. కోరినవన్నియు భాషలోనే చేర్చినచో కలుగు నష్టమేమి?
3. ప్లగిన్ ఎందుచేత మౌనము వహింపరాదు?